మారెక్కవ్వను కాల్చిన ఏడు

నా భార్య అంజినమ్మను చేనులో పూడ్చిన రోజే ఆమె ఎడమ పక్కన నాకు సరిపోయే చోటు చూసుకుని, మూలకొక రాయి పాతుకున్నాను. మా వాళ్ళలో కాల్చే ఆచారం లేదు. ఎవరు పోయినా సొంత చేనులోనే, తూర్పు గట్టుకు ఇవతల పూడుస్తారు. మా జేజి (నాయనమ్మను మా వైపు అట్లాగే పిలుస్తాం), మా నాయన, మా అమ్మ, అందరూ అక్కడే వరసగా ఉన్నారు. పోయిన ఏడు పెద్దల అమావాస్యకు ఊరికి పోయి చూస్తే నేను పాతిన రాళ్ళు పీకి గట్టు మీద పడేసి ఉన్నాయి. నా చోటులో కందిచెట్లు మోకాలెత్తు లేచి ఉన్నాయి. చేను చూసుకునేది మా తమ్ముడు ఎర్రిస్వామి. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఏమప్పా, ఈడ నా రాళ్ళేమైనాయి?”

“తీసేసినా.”

“ఎందుకు?”

వాడు నా ముఖం చూడలేదు, నా చేతులకేసి చూశాడు. “అన్నా, కోపం చేసుకోవద్దు. నిన్ను ఈడ పూడ్చేకి కుదరదు. నీకు బొల్లి వచ్చింది గదా. బొల్లి ఉండే మనిషిని మన్నులో పెడితే వాన రాదు. ఊరోళ్ళు ఒప్పుకోరు.”

“ఊరోళ్ళా, నువ్వా?”

“నేనూ ఊరోన్నే గదన్నా.”

బొల్లి నాకు ముసలితనంలో వచ్చింది. అంజినమ్మ పోయిన తర్వాత పెదవి మూలన గోరంత తెలుపు కనపడింది. తర్వాత వేళ్ళకు దిగింది, మెడకు ఎక్కింది. వయసంతా బస్సు కండక్టరుగా ఈ జిల్లా రోడ్ల మీద అరిచి అరిచి గడిపినవాణ్ణి. చెమట పట్టిన ఏ చేతిలోంచి చిల్లర తీసుకోవడానికీ జంకలేదు, నా చేతిలోంచి టికెట్టు తీసుకోవడానికీ ఎవరూ జంకలేదు. ఇప్పుడు టీ అంగడివాడు గ్లాసు నా చేతికివ్వకుండా బల్ల మీద పెడుతున్నాడు. అనంతపురంలో డాక్టరమ్మకు చూపిస్తే, ఇది తోలు రంగు పోవడమే పెద్దాయనా, ఎవరికీ అంటుకునేది కాదు అంది. ఆ మాటే ఎర్రిస్వామికి చెప్పాను. “మనిషికి అంటదేమో అన్నా, మోడానికి అంటుతాది” అన్నాడు. మోడమంటే మబ్బు. మా ఊళ్ళో ఒక మంచి వాన పడితే పదిమంది దాని గురించి మాట్లాడుతూ బతుకుతారు. అటువంటి చోట మబ్బు పేరు ఎత్తినవాడితో వాదించి గెలవలేం.

వాడి మీద కోపంతోనే నేను మారెక్కవ్వ సంతతిని వెతకడానికి బయలుదేరాను. మారెక్కవ్వ మా జేజినాయనకు, అంటే తాతకు, చెల్లెలు. మా వంశంలో నాకు తెలిసి బొల్లి వచ్చిన మొదటి మనిషి. ఆమె కూతురు ఈరక్క చిన్నప్పుడే ఊరు విడిచి పోయింది. ఆమెకు పిల్లలు పుట్టి ఉంటారు, వాళ్ళలో ఎవరికో ఒకరికి ఇది వచ్చి ఉంటుంది, ఎవరో ఒకరిని మన్నులో పెట్టి ఉంటారు, ఆ తర్వాత అక్కడ వాన కూడా పడి ఉంటుంది. అట్లాంటి ఒక్క మనిషి గురించి తెలిస్తే చాలు, ఎర్రిస్వామి ముఖాన కొట్టి అంజినమ్మ పక్కన నా చోటు నేను తీసుకుంటాను. నాకు కావలసింది అంతే. వంశవృక్షాలు గీసుకునే తీరిక మాకు ఎప్పుడూ లేదు.

మారెక్కవ్వ గురించి చెప్పాలంటే మా పశువుల కొట్టం గురించి చెప్పాలి. ఆమె అక్కడే ఉండేది. బెళుగుప్ప వైపు ఇచ్చి పెళ్ళి చేశారట. ఈరక్క పుట్టిన తర్వాత ఆమె ఒంటి మీద తెల్లమచ్చలు లేచాయి. అత్తగారింటివాళ్ళు నాటువైద్యుణ్ణి పిలిపించి, ఇనుప కడ్డీ కాల్చి మచ్చమచ్చకూ వాత పెట్టించారు. మచ్చలు పోలేదు, వాతలు మిగిలాయి. చివరికి మొగుడు ఆమెనూ చంటిబిడ్డనూ బండిలో ఎక్కించుకుని వచ్చి మా వాకిట్లో దింపి, “మీ సరుకు మీరే పెట్టుకోండి” అని, ఎద్దులకు నీళ్ళయినా పెట్టకుండా వెనక్కి తిప్పుకుని పోయాడట. మా జేజినాయన ఉన్నన్నాళ్ళూ ఆమె ఇంట్లోనే పడుకుంది. ఆయన పోయాక ఇంటి పెత్తనం మా ఓబుళమ్మ జేజి చేతికి వచ్చింది. ఆ దినం నుంచి మారెక్కవ్వ చాప కొట్టంలోకి మారింది.

మా జేజి నాకు దేవత. కంబళి కింద బెల్లంముక్క దాచి, మిగతా పిల్లలు నిద్రపోయాక నా నోట్లో పెట్టేది. జొన్నరొట్టె మీద వెన్న రాసి, చెనిక్కాయ (వేరుశనగ) చట్నీ అద్ది, నేను వద్దంటున్నా కుక్కేది. ఆమె చీర కొంగులో నశ్యం వాసన, వెల్లుల్లి వాసన, ఎండిన గడ్డి వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా నశ్యం వాసన తగిలితే నాకు ఆకలవుతుంది. ఆ చేత్తోనే ఆమె మారెక్కవ్వకు సంగటి ముద్ద దూరం నుంచి తట్టలోకి విసిరేది. ఒక్కోసారి గురి తప్పి ముద్ద పేడలో పడేది. మారెక్కవ్వ పైన అంటిన పేడ గీకేసి తినేది. మేమంతా చూస్తూనే అన్నాలు తినేవాళ్ళం.

మాకు నల్లటి ఆవు ఒకటి ఉండేది, నుదుటి మీద తెల్లటి మచ్చతో. దాని పేరు బొల్లి. జేజికి దాని మీద పంచప్రాణాలు. పొద్దున్నే లేచి “బొల్లీ, నా తల్లీ” అని గంగడోలు నిమిరేది. అదే కొట్టంలో అదే గొంతుతో, “ఒసే బొల్లీ, పేడ తీసినావా?” అనేది. జేజి బొల్లీ అని పిలిస్తే ఆవూ తల తిప్పేది, మారెక్కవ్వా తల తిప్పేది. ఆ తర్వాత వచ్చే మాట ముద్దుదా తిట్టా అన్నదాన్ని బట్టి ఇద్దరిలో ఒకరు మళ్ళీ తల దించుకునేవాళ్ళు. మాకు పిల్లలకు అది పెద్ద తమాషా. వచ్చిన చుట్టాలకు కూడా జేజి ఆ తమాషా చూపించి నవ్వించేది.

ఇంటి చాకిరీ అంతా మారెక్కవ్వదే. నీళ్ళు మోయడం, పేడ ఎత్తడం, గడ్డి కోయడం, కంపచెట్లు నరకడం. ఒక్క పని మాత్రం చేయనిచ్చేవాళ్ళు కాదు. ఉగాది పోయాక విత్తనానికి చెనిక్కాయలు ఒలిచేటప్పుడు వీధిలోని ఆడవాళ్ళందరూ మా వసారాలో చేరేవాళ్ళు. కాయలను తడిపి, వేళ్ళతో నొక్కి, పప్పు మీద ఎర్రపొట్టు చిట్లకుండా ఒలవాలి. ఆ కాయల తడివాసన, ఆ కబుర్లు, మధ్యలో తినడానికి ఉగ్గాని, ఎవరి మొగుడు ఎవరితో పోయాడో అన్న లెక్కలు, అదొక పండుగ. మారెక్కవ్వ కొట్టం గుంజకు ఆనుకుని దూరం నుంచి చూస్తుండేది. ఆమె చెయ్యి తగిలితే విత్తనం మొలకెత్తదని నమ్మకం. ఒకసారి గింజ ఒకటి దొర్లుకుంటూ ఆమె కాళ్ళ దగ్గరికి పోయింది. ఆమె తీసి ఇవ్వబోయింది. జేజి లేచి, చేతిలో ఉన్న చాటతో ఆమె మణికట్టు మీద కొట్టింది. తర్వాత ఆ గింజను ఆవు బొల్లికి పెట్టారు.

జేజి ఆమెకు రోజూ చెప్పే మాట ఒకటుంది. ముద్ద విసిరేటప్పుడే చెప్పేది. “తిను. నిన్ను పూడిస్తే వాన రాదు. కాలిస్తే కట్టె దండగ. సావకుండా ఉండు, అదొక్కటే మాకు నువ్వు చేసే మేలు.” విన్నవాళ్ళు పడిపడి నవ్వేవాళ్ళు. మా జేజి నోటికి ఊళ్ళో పేరు. మారెక్కవ్వ మాత్రం, “వదినా, ఏమన్నా చెయ్యి గానీ నన్ను కాల్చనియ్యొద్దు. మంట అంటే నాకు బయ్యం” అనేది. వాతలు తిన్న ఒళ్ళు కదా. జేజి అది పట్టుకుంది. ఆమెను ఏడిపించాలనిపిస్తే పొయ్యిలోంచి కొరివి తీసి చూపించేది.

ఒక ఎండాకాలం గడ్డి మొత్తానికే లేకుండా పోయింది. మా నాయన పశువులను తోలుకుని కాలువల కిందికి, నీళ్ళున్న సీమకు పోయాడు. ఆయన పోయిన తర్వాత ఊళ్ళోకి వాంతిబేదులు వచ్చాయి. మా అమ్మ నన్నూ, చంకలో ఉన్న ఎర్రిస్వామినీ తీసుకుని తాడిపత్రి దగ్గరి పుట్టింటికి పారిపోయింది. జేజి ఇల్లు విడిచి రానంది. మేం తిరిగొచ్చేసరికి ఇంట్లో జేజి లేదు, కొట్టంలో మారెక్కవ్వ లేదు. ఇద్దరూ వెంటవెంటనే పోయారు. ఊరివాళ్ళు భయంతో తలుపులు బిగించుకున్నారు. ఈరక్క ఒక్కతే, చూపు ఆనని ఒక కాటికాపరి ముసలాయనను బతిమాలి పిలుచుకుని, ఇద్దరినీ చేనులోకి చేర్చి పూడ్చింది. చేనులో రెండు రాళ్ళ కుప్పలు పక్కపక్కనే కనపడ్డాయి. నాయన తిరిగొచ్చి, జేజిది అని ఈరక్క చూపించిన కుప్ప మీద పడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. పక్క కుప్ప వైపు ఎవరూ చూడలేదు.

ఆ ఏడు తొలకరి ముంగారు వానలు రాలేదు. ఆషాఢం గాలి రివ్వున కొట్టింది, మబ్బులు వచ్చినట్టే వచ్చి కన్నడ సీమకు పోయాయి. విత్తనాలు ఇంట్లోనే పురుగు పట్టాయి. రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్ళకు మారెక్కవ్వ గుర్తొచ్చింది. బతికున్నప్పుడు గుర్తురాని మనిషి చచ్చాక ఊరందరికీ గుర్తొచ్చింది. పెద్దమనుషులు మా వాకిట్లోకి వచ్చి, “ఏమప్పా, బొల్లిదాన్ని మన్నులో పెట్టి ఊరి నోట్లో మన్ను కొట్టినారు” అన్నారు. నాయన ఎదురు చెప్పలేదు. మరుసటి పొద్దున్నే గడ్డపారలు, కందికట్టె మోపులు, కిరసనాయిలు డబ్బాలు తీసుకుని ఊరు ఊరంతా మా చేనులోకి నడిచింది. మారెక్కవ్వదని చెప్పిన కుప్ప తీసేసి తవ్వారు. శవాన్ని బయటికి తీయడానికి ఎవరికీ ధైర్యం లేదు. ముక్కుకు గుడ్డలు కట్టుకుని, మన్ను కొంచెం తొలిగిందో లేదో గుంతలోనే కట్టె దింపి, కిరసనాయిలు పోశారు. నిప్పు ఇంటి మగవాడే పెట్టాలన్నారు. మా నాయన పెట్టాడు. నేను గట్టు మీద నిలబడి చూశాను. ఈరక్క నాకు కొంచెం దూరంలో నిలబడి ఉంది. ఏడవలేదు. మొండిది అన్నారు అందరూ.

ఆ వారంలోనే వాన పడింది. ఏం వాన అది! వంకలు పొర్లాయి, చెరువులో నీళ్ళు మెట్లు ఎక్కాయి. మేం పిల్లలం గోచీలు విప్పేసి వీధుల్లో ఎగిరాం. ఊరంతా మా నాయనను మెచ్చుకుంది. ఆ సంవత్సరం చెనిక్కాయ పంట చేతికొచ్చాక నాయన తాడిపత్రి నుంచి పెద్ద నాపరాయి తెప్పించి, జేజి పేరు చెక్కించి, ఆమె తలాపున నిలబెట్టాడు. కాల్చిన గుంతను దున్ని చేనులో కలిపేశాడు. అప్పటి నుంచి ప్రతి పెద్దల అమావాస్యకూ ఆ రాయికి పసుపు పూసి, కొత్త చీర పెట్టి, జొన్నరొట్టె, చెనిక్కాయ చట్నీ, బెల్లం పెడుతున్నాం. ఈరక్క మాత్రం మొదటి వాన ఆరకముందే గొర్రెలు మేపుకుంటూ వచ్చిన ఒక మడకశిర మనిషి వెంట వెళ్ళిపోయింది. లేచిపోయింది అన్నారు. ఎవరూ వెతకలేదు.

ఇప్పుడు నేను వెతికాను. బెళుగుప్ప బస్టాండు దగ్గర మా ఊరి బాబయ్య దర్జీ అంగడి పెట్టుకున్నాడు. వాళ్ళమ్మ ఊరూరా తిరిగి గాజులు అమ్మేది. అడిగీ అడగకముందే, “ఈరక్కనా? మా యమ్మ కాళ్ళాడినన్ని దినాలూ ఆయమ్మకు గాజులు ఏసొస్తాండె గదన్నా. మడకశిర దాటి పోతే ఈరక్క గొర్రెలోళ్ళ ఇల్లు అంటే చిన్నపిల్లోడైనా సూపిస్తాడు” అన్నాడు. ఆ దారిలో లెక్కలేనన్ని సార్లు టికెట్లు కొట్టాను. మా చిన్నమ్మ (నాయనకు మేనత్త కూతురు కాబట్టి నాకు ఆ వరస) ఎన్నోసార్లు నా బస్సే ఎక్కి దిగి ఉండవచ్చు. వెతకాలనుకోలేదు కాబట్టి కనపడలేదు, అంతే.

ముందు గొర్రెల దొడ్డి, వెనక రేకుల ఇల్లు. దొడ్డిలోంచి ఒక నడివయసు ఆమె గొర్రెపొట్టేలును బూతులు తిడుతూ బయటికి వచ్చింది. ఆమె ముఖంలో సరిగ్గా సగం తెలుపు, సగం నలుపు. చెంగు అడ్డం పెట్టుకోలేదు, తల వంచుకోలేదు. “యారు? ఎవురు కావల్ల నీకు?” అంది. చెప్పాను. నా పెదవి కేసి ఒకసారి చూసి, లోపలికి తిరిగి కేక పెట్టింది. “అవ్వా! మీ ఊర్నించి ఎవరో వచ్చినాడు. మనోడే ఉన్నట్టుండాడు.” ఆమె ఈరక్క మనవరాలు రూప.

ఈరక్క చిన్నమ్మ మంచం మీద కూర్చుని చెవుల దాకా కంబళి కప్పుకుని ఉంది. పళ్ళు లేవు గానీ చూపు పదునుగానే ఉంది. “ఓబుళమ్మ మనవడివి గదా. ఆ సెవులు సూస్తేనే తెలుస్తాది” అంది. నేను కాళ్ళకు మొక్కాను. రూప రాగిసంగటి ముద్ద చేతులతో చేసి తట్టలో పెట్టింది. తెల్లబడిన వేళ్ళు. తిన్నాను. చిన్నమ్మ నేను తినేదాకా చూసి, చివరి ముద్ద మింగాక నవ్వింది. “పరవాలేదు. తిన్న్యావు.”

నేను వచ్చిన పని చెప్పాను. నా చోటు గురించి, ఎర్రిస్వామి పీకేసిన రాళ్ళ గురించి చెప్పాను. మీ వాళ్ళలో ఇది వచ్చినవాళ్ళను ఎవరినైనా పూడ్చారా, తర్వాత వానలు పడ్డాయా అని అడిగాను.

“మాయమ్మ తర్వాత ఈ తొన్ను వచ్చింది దీనికొక్కదానికే” అంది రూపను చూపిస్తూ. “అది ఇంగా సావలే. నీ పని కోసరం సావమని సెప్పల్లనా?”

“అట్ల కాదు చిన్నమ్మా.”

ఆమె తర్వాత మామూలు మాట అడిగినట్టే అడిగింది. “మాయమ్మకు ఇంగా సీర పెడతాండారా, అమాసకు?”

“మీ అమ్మకు కాదు, మా జేజికి పెడుతున్నాం.”

“ఆ, అదే. మీ జేజి అనుకోని పెడతాండారు.”

నాకు అర్థం కాలేదు. రూప దొడ్డి వైపు పోబోతూ ఆగింది.

“ఆ రాయి కింద ఉండేది మాయమ్మ” అంది చిన్నమ్మ. “మీ నాయన కాల్చింది మీ జేజిని.”

ఆమె ఎక్కడా గొంతు పెంచలేదు. “ముందు మీ జేజి పాయె. ఎనకనే మాయమ్మ. నోట్లో నీళ్ళు పోస్తాంటే నా సెయ్యి పట్టుకోని, ‘పాపా, నన్ను కాల్చనియ్యొద్దు’ అనె. మీ జేజి దినామూ అనే మాట నేనూ వింటాంటి గదా. వాన రాకపోతే తవ్వుతారని తెలుసు. ముసిలోనికి సూపు ఆనదు, ఊర్లో ఒక్కరూ తొంగిసూడలే. మీ నాయన వచ్చి ‘మాయమ్మ యాడ?’ అని ఏడ్చె. అప్పటికే ఆలోచన చేసుకోని ఉంటి. మాయమ్మ కుప్ప సూపిస్తి. ఆయప్ప దాని మీదనే పడి ఏడ్చె. నేను పుట్టినంక మాయమ్మ కోసరం ఒక మగోడు ఏడ్సింది అప్పుడే సూస్తి.”

“మా నాయన చేత వాళ్ళమ్మకే నిప్పు పెట్టించినావా?” అని అరిచాను. అవును, అరిచాను.

“పూడ్చేటప్పుడు లేకపాయె గదా. కొడుకు సేతి నిప్పన్నా దొరికె ముసిల్దానికి.”

“మా జేజిని కాల్పించినావు చిన్నమ్మా!”

“కాల్పిస్తి. వానొచ్చె గదా.”

పళ్ళు లేని నోటితో ఆమె నవ్వింది చూడండి, అంతకంటే క్రూరమైన నవ్వు నేను వినలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. నా నోట్లో బెల్లం పెట్టిన ముసలిది, కంబళి కింద నన్ను దాచుకున్న ముసలిది, ఊరంతా ఉమ్మేస్తుండగా గుంతలో కాలిపోయింది. నేను గట్టు మీద నిలబడి చూశాను, వాన పడితే ఎగిరాను. ఈ ముసలిదాని గొంతు పిసకాలనిపించింది. మరుక్షణంలోనే, పేడ గీకేసి ముద్ద తింటున్న మారెక్కవ్వ కళ్ళ ముందు నిలబడింది. ఎవరి పక్షాన ఏడవాలో తెలియక రూప ఇచ్చిన నీళ్ళు తాగాను.

నీళ్ళు తాగుతుండగానే ఇంకొక సంగతి తట్టింది. నేను వెతుక్కుంటూ వచ్చిన సాక్ష్యం దొరికింది! బొల్లి ఉన్న మనిషి మా చేనులోనే, మా సొంత మన్నులోనే, నేను పిల్లవాణ్ణిగా ఉన్నప్పటి నుంచీ పడుకుని ఉంది. ఆమె అక్కడ ఉండగానే చెరువు ఎన్నిసార్లు నిండలేదు, ఎన్ని పంటలు పండలేదు! కరువులూ వచ్చాయి, వానలూ వచ్చాయి, వాటికీ ఆమెకూ ఏ సంబంధమూ లేదు. ఈ ఒక్క మాట ఎర్రిస్వామికి చెబితే వాడి నోరు మూతపడుతుంది. ముఖం మీద ఆ సంతోషం కనపడినట్టుంది, చిన్నమ్మ నవ్వు ఆపేసింది.

“నీ పూడుపు కోసరం మాయమ్మను బయట పెడతావా?” అంది.

“వాళ్ళకు నిజం తెలియాలి గదా.”

“తెలుస్తాది. తెలిసినంక ఏం చేస్తారో నీకు తెలుసు. ఇప్పుడు గడ్డపారలు గూడా అక్కరలే. బండి ఒకటి వస్తాది, ఒక్క తవ్వుకు తీసి పడేస్తాది. వాన తక్కువైన ఏడు సూసుకోని తవ్వుతారు. మీ తమ్ముడే పిలిపిస్తాడు.”

రూప, “సాల్లే అవ్వా, ఆయప్పను అన్నం తిన్న్యాక ఎందుకు ఏడిపిస్తావు” అంది. చిన్నమ్మ వినలేదు. మంచం మీది నుంచి వంగి, నా మెడ మీద తెల్లమచ్చను వేలితో తాకింది. మచ్చ మీద చెయ్యి వేసినవాళ్ళు డాక్టరమ్మ తర్వాత ఆమే. “సెప్పు నాయనా, సెప్పాలనుంటే సెప్పు. నాకు కాళ్ళు రావు, అడ్డం పడలేను” అంది. బస్సు దాకా రూప వచ్చి సాగనంపింది.

ఆ తర్వాత నెలలకు నెలలు నాలో నేను వాదులాడుకున్నాను. నేను చచ్చాక నన్ను ఎక్కడ పడేస్తే ఏం అనుకునేవాణ్ణి ఒక పూట. మరో పూట అంజినమ్మ ఒక్కతే చేనులో పడుకుని ఉండడం తలచుకునేవాణ్ణి. ఆమెకు చీకటంటే భయం. నేను వస్తానని మాటిచ్చి పూడ్చినవాణ్ణి. ఇక జేజి సంగతి. ఆమెకు ఇప్పుడు చోటు కూడా లేదు, ఆమె బూడిద మీద మేం ఇన్నేళ్ళూ చెనిక్కాయ పండించి అమ్ముకున్నాం. అప్పటి జనం మొరటువాళ్ళు, చదువులేనివాళ్ళు అని సరిపెట్టుకుందామంటే, ఎర్రిస్వామి పిల్లలు ఇంజనీరింగు చదివినవాళ్ళు. నా రాళ్ళు పీకిన రోజు వాళ్ళ నాయనకు సాయం పట్టింది వాళ్ళే. అప్పుడు నాగలితో చేసిన పని ఇప్పుడు ట్రాక్టరుతో చేస్తున్నారు. బోర్లు పాతాళం దాకా పోయాయి. బొల్లి గురించిన మాట మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మరి ఇదంతా అచ్చులో ఎట్లా రాస్తున్నావు అంటారేమో. ఇందులో పేర్లన్నీ మార్చాను, ఊరి పేరు రాయలేదు. పైగా మా ఎర్రిస్వామి పుస్తకం ముట్టడు, వాడి పిల్లలకు తెలుగు చదవడం రాదు.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. పెద్దల అమావాస్యకు పోతే చెరువు నిండి మరవ పారుతోంది. ఇంటిల్లిపాదీ చేనులో చేరి రాయి కడిగారు, పసుపు పూశారు. మరదలు ఎర్రటి చీర మడత విప్పి రాయికి చుట్టింది. ఎర్రిస్వామి టెంకాయ కొట్టి, చేతులు జోడించి, “జేజీ, తల్లీ, ఈ ఏడు వానలిస్తివి. వచ్చే ఏడు గూడా ఇట్లనే ఇయ్యమ్మా” అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నాలుక చివరన మాట నిలబడింది. ఒరే, నువ్వు వాన అడుగుతున్నది ఎవరిని అనుకున్నావురా అని అరవాలనుంది. ఒక్క ముక్క చాలు, అంజినమ్మ పక్కన నా చోటు నాకు వచ్చేస్తుంది.

వాడే కదిలించాడు. “అన్నా, మడకశిర పక్కకు పోయొచ్చినావంట. బాబయ్య సెప్పినాడు. ఈరక్కోళ్ళు దొరికినారా? ఏం తెలిసింది?”

రాయి మీద చీర కొంగు గాలికి కొట్టుకుంటోంది. జీవితమంతా వాతల ఒంటితో కొట్టంలో వణికిన మనిషికి దొరికిన చోటు అది. దాన్ని ఆమెకు సంపాదించిపెట్టింది ఒక్క అబద్ధం.

“ఏం తెలియలే. ఈరక్క ఎప్పుడో పోయిందంట” అన్నాను.

“మరి నీ సంగతి?”

“నన్ను కాల్చేయండ్రా.”

వాడి ముఖం విప్పారిపోయింది. దగ్గరికి వచ్చి నా భుజం పట్టుకోబోయి, మెడ మీది మచ్చ చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “మంచి మాట అన్నా. నాలుగూర్లు తిరిగినోనివి, అర్థం చేసుకుంటావని తెలుసు. ఆ తుమ్మచెట్టు కొట్టించి ఎండబెడతా. నీకు ఏ లోటూ రానీయను” అన్నాడు. అన్నంత పనీ చేశాడు. పోయిన వారం ఫోన్ చేసినప్పుడు వెనకాల రేకుల మీద వాన చప్పుడు నాకు వినపడుతోంది.

“దండిగా పడతాందన్నా” అన్నాడు సంతోషంగా. “నీ కట్టెలు తడవకుండా పట్ట కప్పినా. నువ్వేం దిగులు పెట్టుకోవద్దు.”